వరంగల్ నుంచి మెరీనాకు: చెన్నపట్నం సముద్రం చూసి రావడం ఎలా

మెరీనా బీచ్‌కు వెళ్లేవాళ్లు చెన్నై బీచ్ అనే స్టేషన్‌లో దిగొద్దు. అన్నిటికన్నా ముందు ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మేం దిగాం. బోర్డు మీద బీచ్ అని కనబడగానే డెబ్బై రెండేళ్ల అమ్మను చెయ్యి పట్టుకొని గబగబా దింపాను. బయటికొచ్చి చూస్తే హార్బర్ గోడ, లారీలు, దుమ్ము. "ఏది బిడ్డా సముద్రం?" అంది అమ్మ. సముద్రం ఆ గోడ అవతలే ఉంది గాని అది ఓడలకు, మనకు కాదు. మెరీనా అక్కడికి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లు.

అమ్మ పాకాల చూసింది, లక్నవరం చూసింది, కాళేశ్వరంలో పుష్కర స్నానం చేసింది. సముద్రం మాత్రం టీవీలోనే. వైజాగ్ ఉండగా మద్రాసు ఎందుకని చుట్టాలందరూ అడిగారు. మా ఇంట్లో ఎట్లాగూ ఒక కంటి పరీక్ష పని ఉంది. వరంగల్ నుంచి చెన్నై పోయేవాళ్లలో చాలామందిది ఇట్లాంటి పనే. ఆస్పత్రి పనికి రెండు రోజులు కలుపుకుంటే మెరీనా తీరిగ్గా చూడొచ్చు. పైగా నేల చదును, గుట్టలెక్కే పని లేదు. ముసలివాళ్లు ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు.

ఏ నెలలో

మన దగ్గర దసరా దాటితే వానలు తగ్గినట్టే. అక్కడ అప్పుడే మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైకి అసలైన వానాకాలం, తుఫాన్లు కూడా ఆ నెలల్లోనే. కాబట్టి దసరా సెలవులు, దీపావళి అని ప్లాన్ వేసుకోవద్దు. మే నెల కూడా వద్దు. ఎండ మన రామగుండం ఎండంత ఉండకపోవచ్చు గాని ఉక్కపోత మనకు అలవాటు లేనిది. చొక్కా ఆరదు.

జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారాల దాకా బాగుంటుంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మన ముక్కనుమ నాడు అక్కడ కాణుం పొంగల్. ఊరు ఊరంతా మెరీనా మీదే ఉంటుంది. ఆ రోజు నీళ్ల దగ్గరికి పోకుండా పోలీసులు కట్టెలు కట్టేస్తారు. జాతర చూడాలంటే వెళ్లండి, మేడారం చూసినవాళ్లకు జనం కొత్త కాదు. సముద్రం చూడాలంటే రెండు రోజులు ఆగండి.

సోమవారం కలిసేలా కూడా పెట్టుకోవద్దు. మెరీనా ఒడ్డున చూడాల్సిన లైట్‌హౌస్‌కు, వివేకానందుడు బస చేసిన వివేకానంద ఇల్లానికి అదే సెలవు.

రైలు

వరంగల్ నుంచి చెన్నై దాదాపు 640 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. ఢిల్లీ నుంచి వచ్చే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఒకటి, హైదరాబాద్ నుంచి కాజీపేట మీదుగా వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. రెండూ వరంగల్‌లో సాయంత్రం దాటాక ఎక్కించుకొని పొద్దున్నే దింపుతాయి. టైమింగ్స్ మారుతుంటాయి, టికెట్ తీసే రోజు యాప్‌లో చూసుకోండి. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి కూడా ఢిల్లీ లైను మీదే ఉన్నాయి గనుక మీ స్టేషన్లో ఏది ఆగుతుందో చూసుకోండి. ఆగేది లేకపోతే కాజీపేటకో వరంగల్‌కో వచ్చి ఎక్కడమే.

తేడా ఎక్కడంటే, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ చెన్నై సెంట్రల్‌కు పోతుంది. చార్మినార్ తాంబరం దాకా పోతుంది, మనం దిగాల్సింది ఎగ్మూరులో. ఆఖరి స్టేషన్ కదా అని పడుకుంటే ఊరి అవతలికి పోయి లేస్తారు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. వయసైన వాళ్లుంటే ఆ రోజే తీసుకోండి, కింది బెర్త్ దొరికే అవకాశం ఎక్కువ. తత్కాల్ మీద నమ్మకం పెట్టుకొని ఆస్పత్రి అపాయింట్‌మెంట్ తీసుకుంటే వచ్చే టెన్షన్ మాటల్లో చెప్పలేం.

తినడానికి సకినాలు, సర్వపిండి, పులిహోర కట్టుకోండి. సకినాలు ఎక్కువే పెట్టుకోండి, ఎదురు సీటు వాళ్లు కూడా అడుగుతారు.

బస

సెంట్రల్ దగ్గర, ఎగ్మూరులో కెన్నెట్ లేన్ చుట్టుపక్కల లాడ్జీలు చాలా. మెరీనా కోసమే పోతే ట్రిప్లికేన్ మేలు. తమిళంలో తిరువల్లిక్కేణి అంటారు, బోర్డులన్నీ ఆ పేరుతోనే ఉంటాయి, రెండూ ఒకటే. అక్కడ ‘మాన్షన్’ అని రాసి ఉంటే అది బ్యాచిలర్ల లాడ్జి, కుటుంబంతో ఆ మెట్లెక్కొద్దు. హోటల్ అనుకొని మేం ఒకదాంట్లోకి వెళ్లాం. ఆరేసిన లుంగీల మధ్య నుంచి మేనేజరే నవ్వుతూ వెనక్కి పంపాడు.

స్టేషన్ నుంచి ఇసుక దాకా

సెంట్రల్‌లో దిగితే రోడ్డు కింద సబ్‌వే దాటి పార్క్ టౌన్ స్టేషన్‌కు పోవాలి. పక్కనే పార్క్ అని ఇంకో స్టేషన్ ఉంటుంది, అది వేరే లైను. పార్క్ టౌన్‌లో వేళచ్చేరి వైపు వెళ్లే రైలు ఎక్కండి. స్తంభాల మీద నడిచే లోకల్ అది, ఐదు పది రూపాయల్లో పని అయిపోతుంది. చింతాద్రిపేట తర్వాత చేపాక్కం, తిరువల్లిక్కేణి, లైట్‌హౌస్ వరసగా వస్తాయి. మెరీనా ఉత్తరం కొసకు చేపాక్కం, దక్షిణం కొసకు లైట్‌హౌస్. ఏ స్టేషన్ నుంచైనా ఇసుక దాకా పదిహేను నిమిషాల నడక. ఈ లైను రెండో దిక్కు చివరి స్టేషనే చెన్నై బీచ్. మేం ఎక్కింది ఆ దిక్కు రైలు.

నడవలేని వాళ్లుంటే సెంట్రల్ నుంచి నేరుగా ఆటోనే. మీటరు మాట ఎత్తితే వినేవాళ్లు తక్కువ, ఫోన్ యాప్‌లో బుక్ చేసుకుంటే గొడవ లేదు. డ్రైవర్‌కు ‘బీచ్’ అని మాత్రం చెప్పొద్దు, ‘కన్నగి విగ్రహం’ అనో ‘ఉళైప్పాళర్ శిలై’ (కార్మికుల విగ్రహం) అనో చెప్పండి. మన మహాలక్ష్మి పథకం లాగే అక్కడి ఆర్డినరీ సిటీ బస్సుల్లోనూ ఆడవాళ్లకు టికెట్ లేదు. ముందు భాగం గులాబీ రంగు ఉన్న బస్సు చూసి ఎక్కాలి.

మొదటి సాయంత్రం: ఊరికే కూర్చోండి

మధ్యాహ్నం వెళ్లొద్దు. రోడ్డు నుంచి అలల దాకా ఇసుక సగటున 300 మీటర్లుంటుంది, ఎండలో అంత దూరం కాళ్లు కాలిపోతాయి. నాలుగున్నర తర్వాత బయలుదేరండి. సముద్రం మీది గాలి అప్పటికి బాగా వీస్తుంటుంది. సూర్యాస్తమయం సముద్రంలో జరుగుతుందని ఎదురుచూడొద్దు, ఇది తూర్పు తీరం. పొద్దు మన వీపు వెనక బిల్డింగుల మధ్య గుంకుతుంది.

ఇంత ఇసుక అక్కడ మొదటి నుంచి లేదు. 1870ల దాకా అలలు దాదాపు రోడ్డు దగ్గరికే వచ్చేవి. తర్వాత ఉత్తరాన హార్బర్ కట్టారు. ఆ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకుపోతుంది. హార్బర్ గోడ దానికి అడ్డం పడింది. వాగుకు అడ్డం కట్ట వేస్తే పైవైపు ఒండ్రు మేట వేసినట్టు, గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తూ పోయింది. అదే మెరీనా. గోడకు అవతల, ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఒడ్డును కోసేసింది, అక్కడ బండరాళ్లు పోసి ఆపుతున్నారు. 1881 నుంచి 1886 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఈ ఇసుక పక్కన నడక దారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఆ దారి 1884 నాటిది.

తినేది సుండల్. పేరు కొత్తగాని వస్తువు మన గుడాలే. ఉడికిన బఠాణీలు, పచ్చి మామిడి ముక్కలు, సన్నగా కోసిన కొబ్బరి, పోపు. కాగితం పొట్లం కట్టి ఇస్తారు. పొట్లం అడుగున ఉప్పు, కారం, నిమ్మరసం దిగి ఉంటాయి గనుక ముందు ఒకసారి ఊపి తినండి. మా అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని "ఉల్లిగడ్డ ఏస్తే మంచిగుండు" అని తీర్పు ఇచ్చి, రెండో పొట్లం కూడా తింది. మిరపకాయ బజ్జీ బాగుంటుంది. చేపల వేపుడు బళ్ల దగ్గర కళ్ల ముందు వేయిస్తే తినండి, ముందే వేయించి పేర్చినవి వద్దు. గుర్రం సవారీ, బెలూన్ల మీద తుపాకీ గురి, చిలక జోస్యం అన్నీ ఉంటాయి. ఏదైనా ఎక్కే ముందే రేటు అడగాలి. ‘ఎవ్వళవు’ అంటే ఎంత, ‘వేండాం’ అంటే వద్దు. ఈ రెండు మాటలతో సాయంత్రం గడిచిపోతుంది. చాలామందికి తెలుగు అర్థమవుతుంది కూడా.

చక్రాల కుర్చీ వాడేవాళ్లకు వివేకానంద ఇల్లం ఎదురుగా ఇసుక మీద అలల దిక్కు చెక్క దారి వేశారు. 2022 నవంబర్‌లో తెరిచారు. నెల తిరక్కుండానే మాండస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది, మళ్లీ బాగుచేశారు. అమ్మ మోకాళ్లకు ఇసుక నడక పడదు, ఆ దారి లేకపోతే ఆమె అలలను రోడ్డు మీంచే చూసి వచ్చేది.

నీళ్ల దగ్గర

మెరీనాలో స్నానానికి, ఈతకు అనుమతి లేదు. వందల మంది నీళ్లలో కనబడతారు, అది చూసి మోసపోవద్దు. చెరువులో ఈత వచ్చినవాడికే ఇక్కడ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాడికి భయం ఉండదు. చెరువులో నీళ్లు ఒకచోట నిలబడి ఉంటాయి. ఇక్కడ అల వెనక్కి పోయేటప్పుడు గట్టిగా లాగుతుంది. పాదాలు తడిసేంత లోతులో కదలకుండా నిలబడి చూడండి. అల తిరిగిపోతుంటే మడమల కింది ఇసుక సన్నగా జారిపోతుంది, బొటనవేళ్ల మీద బరువు పడుతుంది, నేలే వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది. పాదాల లోతులోనే అంత లాగుడు ఉంటే నడుము లోతులో ఎంత ఉంటుందో లెక్కేసుకోవచ్చు. నేను పెట్టుకున్న గీత చీలమండ. పిల్లల చెయ్యి పట్టుకోవడం చాలదు, మణికట్టు పట్టుకోవాలి, తడి వేళ్లు జారుతాయి. ఫోన్ పై జేబులో వద్దు, వంగినప్పుడు నీళ్లలో పడుతుంది. చెప్పులు ఒడ్డున విడిస్తే పది అడుగులు వెనక విడవండి. నావి ఒక జత బంగాళాఖాతంలో ఉన్నాయి.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది ఈ ఒడ్డుకే. ఆదివారం ఉదయం, వాకింగ్‌కు వచ్చినవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు ఉన్న వేళ.

అమ్మ దోసిలి పట్టి నీళ్లు తల మీద చల్లుకుంది, గోదావరిలో వేసినట్టే ఒక రూపాయి బిళ్ల వేసింది. వేళ్లు నాలుక మీద పెట్టుకొని మొహం చిట్లించి, "గిన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగరాదాయె" అంది.

రెండో రోజు: తెల్లవారుజామున నడక

ఇదే అసలు పని. జనవరి, ఫిబ్రవరిలో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది, మే, జూన్‌లో ఐదూ నలభై ప్రాంతంలోనే. అరగంట ముందు అక్కడుండాలి. ఉత్తరం కొస నుంచి దక్షిణానికి నడవండి, అప్పుడు ఎండ ముఖం మీద పడదు, ఎడమ పక్కన ఉంటుంది. నేపియర్ బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టొద్దు, కింద కూవం నది వాసన మీ ఉదయాన్ని పాడు చేస్తుంది. బ్రిడ్జిని దూరం నుంచి చూస్తే చాలు. 2022లో చెస్ ఒలింపియాడ్‌కు దాన్ని చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లతో రంగేశారు.

ముందుగా సమాధులు వస్తాయి. అన్నాదురై, ఎంజీఆర్, జయలలిత, కరుణానిధి, నలుగురు ముఖ్యమంత్రులు పక్కపక్కనే. ఎంజీఆర్ సమాధి రాయికి జనం చెవి ఆనించి వింటుంటారు. ఆయన చేతి గడియారం ఇంకా కొట్టుకుంటోందని నమ్మకం. నేనూ ఆనించాను. బస్సు హారన్ వినబడింది.

తర్వాత ఉళైప్పాళర్ శిలై, శ్రమ విజయం విగ్రహం. నలుగురు మనుషులు గడ్డపారల్లాంటి దూలాలు వేసి ఒక బండను కదిలిస్తుంటారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శిల్పం, 1959 జనవరిలో పెట్టారు. ముందు నుంచి ఫోటో తీసి పోకుండా చుట్టూ తిరిగి పక్కన నిలబడండి. వెనక మనిషి పిక్కలు చూడండి, బరువంతా అక్కడుంది. గోదావరిఖని, మందమర్రి నుంచి వచ్చే సింగరేణి కుటుంబాలకు ఈ బొమ్మ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. దేశంలో మొదటి మేడే జరిగింది కూడా ఈ తీరంలోనే, 1923లో, కార్మిక నాయకుడు సింగారవేలర్ ఆధ్వర్యంలో.

అక్కడి నుంచి సముద్రం ఎడమవైపు, పాత భవనాలు కుడివైపు. మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్, చేపాక్కం ప్యాలెస్, ప్రెసిడెన్సీ కాలేజీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. విగ్రహాల్లో చాలావాటిని 1968లో రెండో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా పెట్టారు. తమిళ కవులు తిరువళ్లువర్, అవ్వయ్యార్, కంబర్ ఆ వరసలోవే. కాలి అందె ఎత్తి పట్టుకున్న ఆడమనిషి కన్నగి, శిలప్పదికారం కావ్యంలో నాయిక. ఆ విగ్రహాన్ని 2001లో తీసేస్తే పెద్ద రచ్చ అయ్యింది, 2006లో మళ్లీ నిలబెట్టారు. ట్యాంక్‌బండ్ విగ్రహాల గొడవలు చూసిన మనకు ఇది కొత్త కథ కాదు.

సగం దారిలో గుండ్రటి ముఖంతో ఒక భవనం కనబడుతుంది. ఇప్పుడు వివేకానంద ఇల్లం, పాత పేరు ఐస్‌హౌస్. 1842లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి దీన్ని మంచుగడ్డలు దాచడానికి కట్టించాడు. ఫ్రిజ్‌లు లేని కాలం. అమెరికాలో చలికాలం గడ్డకట్టిన చెరువుల మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో కప్పి, నెలల తరబడి ఓడలో మద్రాసుకు తెచ్చేవారు. కరగ్గా మిగిలిందే ఇక్కడ అమ్మకం. 1897 ఫిబ్రవరిలో విదేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు తొమ్మిది రోజులు ఈ ఇంట్లో ఉన్నాడు. తెరిచేది పది గంటల ప్రాంతంలో గనుక పొద్దున బయట నుంచి చూసి, టిఫిన్ చేసి రండి. ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ ఉంది, ఇడ్లీల మీద సాంబారు జగ్గుతో పోస్తారు. ఇడ్లీ కనబడనంత పోస్తారు. వద్దనకండి.

ఇక్కడిదాకా వచ్చాక అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టాను. మీతో పెద్దవాళ్లుంటే మొత్తం దూరం ఒకేసారి నడిపించొద్దు. లైట్‌హౌస్‌కు ఆటోలో పోవచ్చు.

లైట్‌హౌస్ 1977లో మొదలైంది, ఎత్తు దాదాపు 46 మీటర్లు. గుండ్రంగా కాకుండా ముక్కోణంగా ఉంటుంది. లిఫ్ట్ ఉంది కాబట్టి మోకాళ్ల భయం లేదు, చివర్లో మాత్రం కొన్ని మెట్లు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత ఏళ్ల తరబడి జనాన్ని రానివ్వలేదు, 2013లో మళ్లీ తెరిచారు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఒక విడత, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా రెండో విడత. పైనుంచి ఉత్తరానికి చూస్తే హార్బర్, దానికి ఇటువైపు పరుచుకున్న ఇసుక ఒక్క చూపులో కనబడతాయి. గోడకు ఆగిన ఇసుక అని నేను చెప్పిన ముచ్చట అక్కడ నిలబడితే అర్థమవుతుంది. దక్షిణాన కింద నొచ్చికుప్పం, చేపల మార్కెట్, ఒడ్డుకు లాగిన పడవలు.

సమయం మిగిలితే

ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి తప్పక వెళ్లండి, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. మూలవిరాట్టుకు మీసాలుంటాయి. ప్రసాదం చక్కెర పొంగలి ఆకులో నెయ్యి కారుతుంది.

మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద, పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబర్ 19న ఆయన నిరాహార దీక్ష మొదలుపెట్టింది అక్కడే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబర్ 15న ప్రాణం పోయింది. రాష్ట్రం కోసం దీక్షలు చూసిన తెలంగాణ వాళ్లకు ఆ గదిలో నిలబడితే ఏదో ఒకటి తడుతుంది. ఎక్కువమంది రారు. మేం వెళ్లినప్పుడు మేమిద్దరమే.

కపాలీశ్వరర్ గుడి, శాంథోమ్ చర్చి కూడా అదే చుట్టుపక్కల ఉన్నాయి. మూడూ ఒకే మధ్యాహ్నంలో పెట్టుకుంటే కాళ్లు పడిపోతాయి, ఏదో ఒకటి చాలు.

తిరుగు రైలుకు

తమిళనాడు ఎక్స్‌ప్రెస్ సెంట్రల్ నుంచి రాత్రి పది ప్రాంతంలో బయలుదేరుతుంది. అంటే రెండో సాయంత్రం కూడా ఇసుకలో కూర్చోవచ్చు, కానీ ఏడున్నరకు లేవాలి. ఆదివారమైతే ఏడింటికే. వాలాజా రోడ్డు మీద ఆ వేళ ఆటో ముందుకు పోదు. లేచే ముందు కాళ్లు, చెప్పులు మంచినీళ్లతో కడుక్కోండి, ఉప్పు నీళ్లు ఆరితే రాత్రంతా బెర్త్ మీద దురద. ఫోన్ తడిస్తే ఛార్జింగ్ పెట్టొద్దు. పిల్లలు ఏరిన గవ్వలు నీళ్లలో కడిగి, లోపల పురుగు లేదని చూసి సంచిలో వేయండి, లేకపోతే నెల్లూరు దాటేసరికి బోగీ అంతా చేపల వాసన.

మా అమ్మ గవ్వలేవీ ఏరలేదు. సుండల్ అబ్బాయిని పిలిచి, రైల్లోకి ఇంకో పొట్లం కట్టించుకుంది, ఈసారి కారం ఎక్కువ వేయమని చేత్తో సైగ చేసి.